ఎంత నలిపినా తరగని రేకు

"అల్యూమినియం తీగ వంచినచోట గట్టిపడుతుంది కదా మాస్టారూ, అలా వంచుతూ పోతే ఇనుమంత గట్టి అవ్వాలిగా?" రాజమండ్రిలో ఓ డిప్లొమా కుర్రాడి ప్రశ్న ఇది. అవ్వదు. కాసేపటికి పుటుక్కున విరుగుతుంది. పోనీ రేకును రోలర్ల మధ్య నలుపుదామా? బలం పెరుగుతుంది గానీ రేకు పల్చబడిపోతుంది. బాగా బలం రావాలంటే బాగా నలపాలి, అంత నలిపితే చేతిలో కాగితమే మిగులుతుంది.

ఈ ముడిని ఒసాకా విశ్వవిద్యాలయంలో సైతో, త్సుజి బృందం విప్పిన తీరు భలే ఉంటుంది. 1998లో వాళ్లు ప్రకటించిన పద్ధతికి మామూలు రోలింగ్ మిల్లే చాలు. 1 మి.మీ. రేకులు రెండు పేర్చి, ఒక్క దెబ్బకు సగం మందానికి నలుపుతారు. మళ్లీ 1 మి.మీ. రేకే వస్తుంది. దాన్ని సగానికి కోసి, పేర్చి, మళ్లీ మిల్లుకి పెడతారు. మన తాపేశ్వరం మడత కాజా లాంటి పనే. కాకపోతే కాజాలో పొరలు విడివిడిగా రావాలి, ఇక్కడ కలిసిపోవాలి. జిడ్డు తగిలిందా, పని చెడిందే.

అందుకే ముందు అసిటోన్‌తో తుడిచి, ఇనప తీగల బ్రష్‌తో రేకు ముఖం బరబరా గీకుతారు. అల్యూమినియం ఒంటిమీది ఆక్సైడ్ పొర పెళుసు. రోలర్ల ఒత్తిడికి అది బీటలు వారుతుంది. ఆ బీటల్లోంచి తాజా లోహం ఉబికి, అవతలి రేకు లోహాన్ని పట్టేస్తుంది. ఏమీ కరగకుండానే అతుకు పడిపోతుంది!

ఎనిమిది విడతలకు 256 పొరలు, ఒక్కోటి 4 మైక్రాన్ల మందం. అసలు బలం మాత్రం అంతకన్నా లోపల ఉంది. అన్నిసార్లు నలిగిన లోహంలో స్ఫటిక రేణువులు 0.67 మైక్రాన్లకు చితికిపోతాయి. లోహం సాగాలంటే స్ఫటికంలోని డిస్లొకేషన్లు, అంటే పరమాణు వరుసల్లోని లోపాలు, జరగాలి. రేణువు అంచు రాగానే వాటికి దారి మూసుకుపోతుంది. రేణువులు చిన్నవైనకొద్దీ అడ్డంకులు పెరుగుతాయి. అలా 84 మెగాపాస్కళ్ల తన్యబలం 304కి చేరింది. మరో లోహం కలిపింది లేదు.

దీనికో పోటీదారు ఉంది. 1970ల్లోనే మిన్స్క్‌లో వ్లదీమిర్ సెగల్, కడ్డీని ఎల్ ఆకారపు అచ్చులోంచి నెట్టాడు. రెండు దారులూ ఒకే వెడల్పు కాబట్టి కడ్డీ రూపు మారదు, లోపలి లోహం మాత్రం మలుపు దగ్గర పొరమీద పొర జారినట్టు నలుగుతుంది. కడ్డీకి అది, రేకుకి ఇది. నా ఓటు ఒసాకాకే.

తర్వాత రాగి, ఉక్కు, మెగ్నీషియం అన్నీ ఈ మిల్లెక్కాయి. చిక్కులూ తేలాయి: అంచులు చీలతాయి, సాగే గుణం తగ్గుతుంది, బాగా వేడి తగిలితే రేణువులు మళ్లీ పెరిగి బలం జారిపోతుంది. పైగా ప్రతి విడతకీ గీకాలి. ఆ గీకుడుని మిల్లులోనే కలిపేస్తే, ఫ్యాక్టరీ వాళ్లకు సగం తలనొప్పి తగ్గినట్టే.