కోసే ముందు కొలవాలి: మా ట్రక్కుకు కొత్త ఇరుసు

మొన్న పాట్‌లక్‌లో అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు, "సమ్మర్ ప్లాన్స్ ఏంటి?" అని. ఒకరు ఇండియా అన్నారు, ఒకరు అలాస్కా క్రూజ్ అన్నారు. నా వంతు వచ్చింది. "మా పికప్ ట్రక్కు ముందు ఇరుసు మారుస్తున్నాం" అన్నాను. పులిహోర వడ్డిస్తున్న ఆవిడ గరిటె ఆపేసి, "మీవారా?" అని అడిగింది.

"కాదండీ. మా అమ్మాయీ, నేనూ."

మేముండేది డెన్వర్ దగ్గర. ట్రక్కు 1991 టయోటా, నాలుగు సిలిండర్ల 22ఆర్ఈ ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్. మావారు ఎమ్మెస్ చదివేటప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. మా అమ్మాయి క్లచ్ నొక్కడం నేర్చుకుంది దాని మీదే. ముందు సస్పెన్షన్ అరిగిపోయి చప్పుళ్ళు మొదలయ్యాక మావారు "అమ్మేద్దాం" అన్నారు. పిల్ల "సాలిడ్ ఆక్సిల్ వేద్దాం" అంది. ఇంట్లో బడ్జెట్ చూసేది నేను కాబట్టి, తీర్పు చెప్పే పని నా మీద పడింది.

ఎడ్లబండి ఇరుసు

సాలిడ్ ఆక్సిల్ అంటే కొత్త వింతేమీ కాదు. ఎడ్లబండి ఇరుసు గుర్తుందిగా? రెండు చక్రాలూ ఒకే దూలానికి ఉంటాయి. ఒకటి రాయి ఎక్కితే రెండోది నేలను నొక్కుతుంది. అమెరికాలో 1979 నుంచి 1985 దాకా అమ్మిన టయోటా ఫోర్ వీల్ పికప్పులకు ముందు వైపు అలాంటి ఇరుసే, కింద కమాను కట్టలే. 1986లో కంపెనీ పద్ధతి మార్చింది. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టింది. హైవే మీద అదే సుఖం. పెద్ద పెద్ద బండరాళ్ళ మీద మాత్రం చక్రం అంత కిందకి దిగలేదు, గాలిలో వేలాడుతుంది.

ఇది అందరికీ కావాలా? అక్కర్లేదు. 13,114 అడుగుల ఇమోజీన్ పాస్ ఎక్కడానికి ఇంత పని అవసరం లేదు. మా పిల్ల కన్ను యూటాలోని మోయబ్ రాళ్ళ మీద ఉంది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీలకు కమాను కట్టలు కట్టారు. వీడియో కాల్‌లో ట్రక్కు కింద చూపిస్తే నవ్వి, "మేమంతా దీన్నుంచి అటు పోవాలని చూస్తే, మీరు అటు నుంచి ఇటొస్తున్నారా?" అన్నారు. తర్వాత మనవరాలితో సీరియస్‌గా ఒక మాట చెప్పారు. "కొయ్యడం అరగంట పని బంగారం. కోసిందాన్ని మళ్ళీ అతకలేవు. మారేవన్నీ ముందు పుస్తకంలో రాసుకో. ఒక్క గడి ఖాళీగా ఉన్నా గ్యాస్ కట్టర్ ముట్టుకోకు."

నోట్‌బుక్‌లో ఐదు పేజీలు

మొదటి పేజీ వెడల్పు. మేం చూసిన ఆక్సిల్ 1985 ట్రక్కుది. 1986 తర్వాతి బండ్ల వెనక ఆక్సిల్ దానికంటే దాదాపు మూడంగుళాలు వెడల్పు. అలాగే బిగిస్తే ముందు చక్రాలు లోపలికి, వెనకవి బయటికి ఉంటాయి. మన పాత ట్రక్కు హబ్బులనే కొత్త ఆక్సిల్‌కు వాడితే పక్కకి అంగుళంన్నర చొప్పున కలిసొస్తుంది.

రెండో పేజీ కాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు కాస్త వెనక్కి వాలి ఉంటుంది చూడండి, అందుకే అది తిన్నగా పోతుంది. బండికీ అలాంటి వాలు కావాలి. అయితే ట్రక్కు ఎత్తు పెరిగాక డ్రైవ్ షాఫ్ట్ తిన్నగా అందాలని ఆక్సిల్ ముక్కు పైకి తిప్పితే ఆ వాలు తగ్గుతుంది, హైవే మీద స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఒకటి సర్దితే ఇంకొకటి చెడుతుంది కాబట్టి కట్టల బ్రాకెట్లు వెల్డ్ చేయకముందే రెంటికీ నడుమ ఒక కోణం తేల్చుకోవాలి.

మూడోది స్టీరింగ్. 1985 పద్ధతిలో స్టీరింగ్ బాక్సు నుంచి ఎడమ చక్రానికి ముందూ వెనకా తోసే రాడ్డు ఉండేది. కట్ట కుదిసినప్పుడల్లా బండి దానంతటదే పక్కకి లాగేది. అందుకని రాడ్డు అడ్డంగా కుడి చక్రానికి వెళ్ళే క్రాసోవర్ పద్ధతి పెడుతున్నాం. మా ట్రక్కుకున్న బాక్సే దానికి సరిపోతుంది.

నాలుగోది బ్రేకులు. చక్రం కిందకి ఎక్కువ దిగుతుంది కాబట్టి పొడుగు గొట్టాలు కావాలి. పూర్తిగా దింపినా, పూర్తిగా తిప్పినా అవి బిగుసుకోకూడదు, ఎక్కడా రాసుకోకూడదు.

ఐదోది గేర్లు. దీని దగ్గరే మా ఇంట్లో యుద్ధం జరిగింది.

లెక్కపెట్టిన రోజు

పోయిన ఏడాది జూలై. పిల్ల కాలేజీకి వెళ్ళడానికి ఐదు వారాలుంది. గ్రాడ్యుయేషన్‌కి వచ్చిన డబ్బుతో ఆక్సిల్ కొనేసింది. "4.10 గేర్లే, మీ వెనకదానికి మ్యాచ్ అవుతుంది" అన్నాడు అమ్మినాయన. కట్టర్ అద్దెకు తెస్తానంది. నోట్‌బుక్ చూశాను. ఐదో పేజీలో "అమ్మినతను చెప్పాడు" అని మాత్రమే ఉంది.

"నువ్వు చూశావా?" అన్నాను.

"అమ్మా, ఆయన ఇదే బిజినెస్‌లో ఉన్నాడు. నీకు దీని గురించి ఏం తెలుసు?"

ఆ మాటకు కాసేపు నోరు పెగల్లేదు. తర్వాత, "నాకు తెలియదు కాబట్టే అడుగుతున్నా. చూసేదాకా కట్టర్ రాదు" అన్నాను. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు.

నాలుగో రోజు తనే వచ్చి, "ఒక చక్రం వైపు పట్టుకుంటావా?" అంది. పద్ధతి మా నాన్న చెప్పిందే. ఒక వైపు కదలకుండా పట్టుకుని, రెండో వైపు హబ్బును సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. ఆ లోపు మధ్యలో షాఫ్ట్ తగిలించే చోటు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. చాక్‌పీసుతో గీత పెట్టుకున్నాం. నాలుగు తిరిగింది, ఇంకా తిరుగుతోంది. ఐదుకి కాస్త ముందు ఆగింది. మళ్ళీ చేశాం, అదే లెక్క. 4.10 కాదు, 4.88.

ముందు ఒక లెక్క, వెనక ఒక లెక్క ఉన్న బండిని ఫోర్ వీల్‌లో వేస్తే రెండు షాఫ్టులూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. టైరు జారే అవకాశం లేని చోట ఏదో ఒకటి విరగాల్సిందే. అది కొండ మీద, మా పిల్ల స్టీరింగ్ వెనక ఉన్నప్పుడు జరిగుంటే! నేను ఏమీ అనలేదు. తనే పేజీలో ఆ మాట కొట్టేసి, "మేం లెక్కపెట్టాం" అని రాసింది.

చివరికి అది మంచికే వచ్చింది. పాత టైర్లు దాదాపు 28 అంగుళాలు, కొత్తవి 33. 4.10ని 33తో గుణించి 28తో భాగిస్తే సుమారు 4.83 వస్తుంది. అంటే 4.88 ఉంటేనే ఇంజను మునుపటిలా లాగుతుంది. వెనక గేర్లు ఎలాగూ మార్చాల్సిందే.

ఇప్పుడు ఎక్కడున్నాం?

మొదట అనుకున్న ఖర్చు 2,500 డాలర్లు. నోట్‌బుక్ నిండేసరికి 6,000 దాటింది. మావారు అంకె చూసి నిట్టూర్చి, సగం తనిస్తానన్నారు. నేను రెండు షరతులు పెట్టాను. ఫ్రేమ్‌కీ స్టీరింగ్‌కీ సంబంధించిన వెల్డింగులు సర్టిఫికెట్ ఉన్న వెల్డరే చెయ్యాలి. మార్పుల సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పాలి. పిల్ల రెండింటికీ ఒప్పుకుంది.

మీ పిల్లలు కూడా ఇలాంటిదేదో తలకెత్తుకుంటే, ఇంజనీరింగ్ రాదని పక్కకి తప్పుకోకండి. "ఇది మారితే ఇంకేం మారుతుంది? నువ్వు స్వయంగా చూశావా?" ఈ రెండు ప్రశ్నలు అడగడానికి డిగ్రీ అక్కర్లేదు.

మే నెలాఖరుకి పిల్ల కాలేజీ నుంచి వస్తుంది. ఆక్సిల్ గ్యారేజీలో, బియ్యం బస్తాల పక్కనే ఉంది. నోట్‌బుక్‌లో ఒక్క గడి ఖాళీగా ఉంది, బ్రేకు గొట్టాల పొడవు. కట్టలు బిగించి చూస్తే గానీ తేలదట. ఆ సంగతి చెబితే మా నాన్న అన్నారు, "అయితే అది తేలేదాకా రోడ్డెక్కొద్దు."