నలభై గుర్రాలు... రెండు దారులు!

ట్రాక్టరుకూ చిన్నకారుకూ ఇంజిను బలం దాదాపు ఒకటే. ఒకటి నేలను చీలుస్తుంది. మరొకటి గాలిని చీల్చుకుంటూ పోతుంది. మధ్యలో మాయ చేసేది గేర్లూ చక్రాలే!

ఫిబ్రవరి వచ్చిందంటే నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి చుట్టుపక్కల ఎటు చూసినా పసుపు పనులే. ఒక చేలో తవ్వకం, ఇంకో చోట ఉడకబెట్టడం, కల్లాల్లో ఆరబోత, డ్రమ్ముల్లో పాలిష్. తయారైన కొమ్ముల బస్తాలు ట్రాలీలకెక్కి 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూరు మీదుగా నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బయల్దేరతాయి. ట్రాక్టరు 'డుగుడుగు'మంటూ పాతిక కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. వెనకే వస్తున్న పాత మారుతీ 800 హారన్ కొట్టీ కొట్టీ, కాస్త సందు దొరగ్గానే రయ్‌మని దాటేస్తుంది. రెండు నిమిషాల్లో కనుచూపు మేరలో ఉండదు.

అలా దూసుకుపోయిన కారు ఇంజిను శక్తి 37 హార్స్‌పవర్. వెనకబడ్డ ట్రాక్టరుది నలభై!

బలం ఎక్కువున్నదే వెనకబడటమేంటి? పోనీ, అంత వేగంగా పోగలిగిన కారుకు నాగలి కట్టి చేలోకి దింపితే? అడుగైనా కదలదు. ఈ చిన్న ప్రశ్నకు జవాబు దొరికితే చాలు... ఫార్ములా వన్ కార్ల దగ్గర్నుంచి మన వీధిలో కుర్రాళ్లు మోజుపడి వేయించే పెద్దపెద్ద 'మ్యాగ్ వీల్స్' దాకా అన్నీ అర్థమైపోతాయి.

ఇస్తే వేగం... లేదంటే లాగుడు

ఒక హార్స్‌పవర్ అంటే, 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగలిగే శక్తి. అదే శక్తితో 150 కిలోలనూ ఎత్తొచ్చు, కాకపోతే సెకనుకు అరమీటరే. ఏడున్నర కిలోలే అయితే పది మీటర్లు లేపొచ్చు. అంటే ఇంజిను ఇచ్చే శక్తి చేతిలో ఉన్న డబ్బులాంటిది. దాంతో లాగే బలాన్ని కొనుక్కోవచ్చు, వేగాన్నీ కొనుక్కోవచ్చు. రెండూ నిండుగా కావాలంటే మాత్రం కుదరదు.

నలభై హార్స్‌పవర్‌ను ఇలాగే లెక్కేసి చూద్దాం. మధ్యలో జరిగే నష్టాలను పక్కనపెడితే, గంటకు అయిదు కిలోమీటర్ల వేగం దగ్గర ఆ శక్తి రెండు టన్నులకు పైబడిన బలంతో లాగగలదు. అదే గంటకు వంద కిలోమీటర్ల దగ్గరైతే మిగిలేది 110 కిలోల లాగుడే. వేగం ఇరవై రెట్లు పెరిగింది, బలం ఇరవయ్యో వంతుకు పడిపోయింది.

ఈ మార్పిడి చేసేవే గేర్లు. గేర్ల సైకిల్ తొక్కిన పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లు గిర్రున తిరుగుతాయి, సైకిల్ మాత్రం మెల్లగా కదులుతుంది. చదునైన రోడ్డు మీద దానికి తలకిందులు.

దుక్కి దున్నే ట్రాక్టరును గమనించండి. ఇంజిను నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుంటే వెనక చక్రం ఇరవై చుట్లే తిరుగుతుంది. అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిను వందసార్లు తిరగాలన్నమాట! మారుతీ 800లో, నాలుగు గేర్లున్న పాత మోడల్ టాప్ గేరులో, చక్రం ఒక చుట్టుకు ఇంజిను నాలుగు చుట్లకు కాస్త పైన తిరిగితే చాలు. ఇంజిన్ల బలం పక్కపక్కనే ఉన్నా గేర్ల దగ్గర దారులు వేరైపోయాయి.

పసుపు పాలిష్ డ్రమ్ములోనూ ఉన్నది ఇదే కిటుకు. ట్రాక్టరు వెనక ఉండే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరిగేలా తయారవుతుంది. నేరుగా ఆ వేగంతోనే డ్రమ్మును తిప్పితే లోపలి కొమ్ములు గోడకు అతుక్కుని అలాగే తిరుగుతాయి తప్ప ఒకదాన్నొకటి రాసుకోవు. పైపొట్టు పోదు, నునుపు రాదు. అందుకే మధ్యలో పళ్ల చక్రాలు పెట్టి, డ్రమ్ము నిమిషానికి ముప్ఫై చుట్లకు అటూఇటూగా తిరిగేలా తగ్గిస్తారు. వేగం తగ్గిన మేరకు తిప్పే బలం పెరుగుతుంది కాబట్టి, క్వింటాళ్ల కొద్దీ కొమ్ములు నింపినా డ్రమ్ము ఆగదు.

చక్రం పెద్దదైతే లాభమా, నష్టమా?

ఇక్కడే ఓ తిరకాసుంది. ట్రాక్టరు వెనక చక్రం నాలుగడుగులకు పైబడి ఎత్తు ఉంటుంది. చూడగానే 'అంత పెద్ద చక్రం ఉంది కాబట్టే అంత బలం' అనిపిస్తుంది. నిజానికి వ్యవహారం రివర్సు! ఇరుసు నుంచి నేల దాకా దూరం పెరిగేకొద్దీ ఇంజిను తిప్పే బలం నేల దగ్గరికొచ్చేసరికి తగ్గిపోతుంది. పొడవాటి కర్రను చివర పట్టుకుని బరువు లేపినట్టే ఇదీ. అదే గేర్లతో చక్రాన్ని చిన్నది చేస్తే ట్రాక్టరు ఇంకా గట్టిగా లాగాలి.

మరి పెద్ద చక్రం ఎందుకంటే... నేల కోసం. చిన్న చక్రమైతే మెత్తటి దుక్కిలో కూరుకుపోతుంది, గట్టు అడ్డమొస్తే ఎక్కలేదు. పెద్ద టైరు ఎక్కువ నేలను ఆనుకుని బరువును పరుచుకుంటుంది. ఆ టైరు తినేసిన బలాన్ని గేర్లు మళ్లీ సంపాదించిపెడతాయి. అందుకే ట్రాక్టరులో గేరుబాక్సుతో పని అయిపోదు, ఆ తర్వాత ఇరుసు దాకా మరిన్ని పళ్ల చక్రాలు వరసగా వేగాన్ని తగ్గించుకుంటూ పోతాయి.

ఇంకో సంగతి. గేర్లు ఎంత బలం తెచ్చిపెట్టినా టైరు నేలను పట్టుకోకపోతే అంతా వృథానే. కాగితం మీద రెండు టన్నుల లాగుడున్నా, ట్రాక్టరు బరువే రెండు టన్నులకు అటూఇటూ ఉన్నప్పుడు చేలో అంత పట్టు దొరకదు. అందుకే వెనక చక్రాలకు ఇనుప దిమ్మెలు బిగిస్తారు, టైర్లలో నీళ్లు నింపుతారు. వరి మడిలో దమ్ము చేసేటప్పుడైతే ఇనుప 'కేజ్ వీల్స్' తగిలిస్తారు. అవి బురదలో మహారాజులే. వాటితోనే తారురోడ్డెక్కితే రోడ్డు చెక్కుకుపోతుంది, పోలీసులకు జరిమానా కట్టాల్సి వస్తుంది.

ఒక్కోసారి ఈ పట్టే ప్రాణాల మీదికి తెస్తుంది. ట్రాలీ గుంతలో దిగబడినప్పుడు కింది గేరు వేసి క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేస్తే, వెనక చక్రాలు కదలవు, ఇరుసు దగ్గర బలం మాత్రం ఆగదు. దాంతో ముందు చక్రాలు గాల్లోకి లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడొచ్చు. తాడును ఇరుసు కంటే ఎత్తులో కట్టి లాగిస్తే ముప్పు ఇంకా ఎక్కువ. దీనికి తోడు లోడుతో పల్లం దిగేటప్పుడు డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్ చేసే అలవాటొకటి! కింది గేరులో ఉంటే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు తెగిపోయి ట్రాలీ బరువంతా బ్రేకుల మీద పడుతుంది. పండించిన పంటా నడిపే మనిషీ ఆ పల్లంలో ఉన్నప్పుడు, మిగిలే చెంచాడు డీజిలు ఏపాటి?

అదే ఇంజిను రేసుకెళ్లింది!

మళ్లీ మారుతీ 800 దగ్గరికొద్దాం. 1983 నుంచి 2014 దాకా తయారైన ఈ కారులోని 796 సీసీ ఇంజినును చూసి రేసు గుర్రమని ఎవరూ అనరు. కోయంబత్తూరు పారిశ్రామికవేత్త ఎస్.కరివర్ధన్ మాత్రం దాన్నే నమ్ముకున్నారు. 1980ల చివర్లో ఆయన పైకప్పు, తలుపులు, వెనక సీటు ఏవీ లేని ఒంటిసీటు రేసుకారు తయారుచేసి, ఈ ఇంజినునే అందులో బిగించారు. అదే 'ఫార్ములా మారుతి'. ఇంజినుకు బలం పెంచడం ఖరీదైన పని, మోయాల్సిన బరువు తగ్గించడం చవకైన దారి. తర్వాత 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడైన నారాయణ్ కార్తికేయన్ తొలి రేసు నడిపింది ఈ ఫార్ములా మారుతిలోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో కన్నుమూశారు. కోయంబత్తూరు దగ్గరున్న రేసు ట్రాక్ ఇప్పుడు ఆయన పేరుతోనే 'కరి మోటార్ స్పీడ్‌వే' అయింది.

రేసుకారుకు దుక్కి ఉండదు కానీ గాలి ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావాల్సిన శక్తి ఎనిమిదింతలు! కాబట్టి మలుపు నుంచి బయటపడగానే ఎగిసిపడే లాగుడు కావాలా, తిన్నటి దారిలో చివరి పది కిలోమీటర్ల వేగం కావాలా అన్నది రేసు ఇంజినీర్లకు నిత్యం తేల్చుకోవాల్సిన లెక్క. 2013 దాకా ఫార్ములా వన్ జట్లు ఒక్కో ట్రాకుకూ ఒక్కో రకం గేర్లు మార్చుకునేవి. 2014 నుంచి రూలు మారింది. ఎనిమిది గేర్లు, సీజనంతా అవే. మొనాకో ఇరుకు సందులకూ మోంజా పొడవాటి దారులకూ ఒకే సెట్టు. రెండింటికీ సరిగ్గా సరిపోయే గేర్లు ఉండవు కాబట్టి ఏదో ఒక చోట కాస్త నష్టపోవాల్సిందే!

హైదరాబాద్‌లో గేర్లు మార్చని రేసు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, కొత్త సచివాలయం పక్కన ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. 18 మలుపులున్న ఆ దారిలో ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది కానీ, ఆరోజు చూసినవాళ్లకు ఒకటి వింతగానే అనిపించి ఉంటుంది. 'వూఁ... వూఁ' అని గేర్లు మారే చప్పుడే లేదు. ఆ కార్లకు ఉన్నది ఒకే ఒక్క గేరు.

పెట్రోలు ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు బలహీనం, కాస్త ఊపందుకున్నాకే శక్తినిస్తుంది. అందుకే దాన్ని ఎప్పుడూ ఆ ఊపులో ఉంచడానికి గేర్లు మార్చుతూ ఉండాలి. కరెంటు మోటారు అలా కాదు, కదలకుండా ఉన్న క్షణంలోనే పూర్తి బలం చూపిస్తుంది. 350 కిలోవాట్లు, అంటే 470 హార్స్‌పవర్ దాకా ఇవ్వగల ఈ కార్లు ఒక్క గేరుతోనే గంటకు 300 కిలోమీటర్ల పైన పోయేలా తయారయ్యాయి. అలాగని బేరం పూర్తిగా తప్పిందనుకోవద్దు. పోర్షే తన కరెంటు కారు టేకాన్‌లో వెనక మోటారుకు రెండు గేర్లు పెట్టింది. ఒకటి ఉరకడానికి, రెండోది పరుగుకు.

మీ కారుకు పెద్ద చక్రాలు వేయిస్తున్నారా?

పసుపు డబ్బులు చేతికొచ్చాకో, అబ్బాయికి కొత్త ఉద్యోగం వచ్చాకో, కారుకు పెద్ద మ్యాగ్ వీల్స్ వేయించాలన్న ముచ్చట చాలా ఇళ్లలో మొదలవుతుంది. వేయించేముందు టైరు మీది అంకెలు చదవడం నేర్చుకోవాలి. 165/80 ఆర్14 అంటే... టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 80 శాతం, లోపలి రిమ్ము 14 అంగుళాలు. మారుతీ స్విఫ్ట్‌లో కొన్ని మోడళ్లకు కంపెనీ ఇచ్చింది ఈ సైజే. అంతకంటే ఖరీదైన మోడళ్లకు 185/65 ఆర్15 ఇచ్చింది. రిమ్ము అంగుళం పెరిగింది, టైరు గోడ తగ్గింది. లెక్కేస్తే టైరు మొత్తం ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లే! అందుకే స్పీడోమీటరూ పికప్పూ మారవు. ఫార్ములా వన్‌వాళ్లూ 2022లో రిమ్మును 13 నుంచి 18 అంగుళాలకు పెంచినప్పుడు, టైరు మొత్తం ఎత్తును అయిదు సెంటీమీటర్లే పెరగనిచ్చారు.

అదే స్విఫ్ట్‌కు ఆకారం బాగుందని 205/65 ఆర్16 బిగించారనుకోండి. చక్రం ఎనిమిది శాతానికి పైగా పెద్దదవుతుంది. గేర్లు మాత్రం పాతవే కదా. కాబట్టి లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. ఎత్తులో మూడో గేరు చాలే చోట రెండో గేరు కావాలి, క్లచ్ త్వరగా అరుగుతుంది. బరువు పెరిగిన చక్రాన్ని ఆపడానికి బ్రేకులు మరింత కష్టపడాలి. మలుపు తిప్పినప్పుడు టైరు లోపల ఎక్కడైనా రాసుకున్నా ఆశ్చర్యం లేదు. వీటన్నింటికంటే పెద్ద చిక్కు స్పీడోమీటరు. అది కొలిచేది చక్రం తిరిగే చుట్లనే తప్ప నేల మీది దూరాన్ని కాదు. అది ఎనభై చూపిస్తున్నప్పుడు కారు 87తో పోతుంటుంది.

అనుమానం ఉంటే పరీక్షించుకోవడం తేలికే. రద్దీ లేని రహదారి మీద ముల్లు సరిగ్గా అరవై దగ్గర నిలిపి నడపండి. పక్క సీట్లోవాళ్లు వాచీ పట్టుకుని, ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా సెకన్లు లెక్కపెట్టాలి. కచ్చితంగా అరవైతో పోతే అరవై సెకన్లు పడుతుంది. కంపెనీ మీటర్లు సాధారణంగా వేగాన్ని కాస్త ఎక్కువచేసే చూపిస్తాయి కాబట్టి, అసలు టైర్లున్న కారుకు రెండు మూడు సెకన్లు అదనంగా పట్టినా తప్పులేదు. 55 సెకన్లకే రెండో రాయి వచ్చేసిందా... వెళ్లి పాత టైర్లు ఏ మూలన పడేశారో వెతకండి.