ఓడ దిగి... ఇల్లయింది!

సముద్రాలు దాటి సరుకులు మోసుకొచ్చిన ఇనప్పెట్టె అది. వయసైపోతే రేవులో ఓ మూల తుప్పు పట్టాల్సిందే. అదే పెట్టెకి ఓ తలుపు, రెండు కిటికీలు పెడితే... ఇల్లు! ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఏకంగా భవనమే!

1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూవార్క్ రేవు నుంచి 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 కంటెయినర్లతో హ్యూస్టన్‌కి బయల్దేరింది. సరుకును మాటిమాటికీ దించి ఎక్కించే బదులు పెట్టెను పెట్టెలాగే ఓడెక్కిస్తే పోలా అన్నది లారీల వ్యాపారి మాల్కమ్ మెక్‌లీన్ ఆలోచన. అలాంటి పెట్టెల్ని నివాసంగా మార్చే పద్ధతికి 1989లో ఫిలిప్ క్లార్క్ అనే అమెరికన్ పేటెంటు సంపాదించాడు. 2001లో లండన్‌లో 'కంటెయినర్ సిటీ' వెలిసింది. 2006లో జ్యూరిచ్‌లో ఫ్రైటాగ్ సంచుల కంపెనీ 17 పాత కంటెయినర్లను పేర్చి 26 మీటర్ల దుకాణం కట్టుకుంది. మన దగ్గరా సైట్ ఆఫీసులుగా, కెఫేలుగా కనిపిస్తూనే ఉన్నాయి.

బలమంతా మూలల్లోనే!

చిన్న కంటెయినర్ పొడవు 20 అడుగులు, వెడల్పు 8, ఎత్తు ఎనిమిదిన్నర. ఖాళీ పెట్టె బరువే రెండు టన్నుల పైచిలుకు. పైన పేర్చిన పెట్టెల బరువును మోసేవి నాలుగు మూలల్లోని ఉక్కు స్తంభాలే. అందుకే పునాది కూడా ముఖ్యంగా ఆ నాలుగు చోట్లా గట్టిగా ఉండాలి. మడతల గోడలేమో పెట్టె పక్కకు ఒరగకుండా పట్టి ఉంచుతాయి. హాలు పెద్దగా కావాలని గోడ మొత్తం కోసేస్తే ఆ బలం పోయినట్టే. కోసిన చోటల్లా మళ్లీ ఉక్కు చట్రం వెల్డింగ్ చేయాలి. చవగ్గా దొరికిందనుకున్న పెట్టె ఖరీదైపోయేది ఇక్కడే. కప్పు పలుచని రేకు. దానిమీద మట్టి పోసి తోట పెంచుదామంటే కుదరదు.

ఎండతోనే తంటా

ఎండలో నిలిపిన కారు లోపల ఎలా ఉంటుందో తెలుసుగా! కంటెయినరూ అంతే. ఖతార్‌లోని దోహాలో 974 కంటెయినర్లను ఉక్కు చట్రానికి జోడించి కట్టిన స్టేడియంలో ఏసీ లేదు. 2022 ప్రపంచకప్‌లో అక్కడ జరిగిన ఏడు మ్యాచ్‌లూ సాయంత్రం ఏడింటికో, ఆ తర్వాతో మొదలయ్యాయి. రామగుండంలో మే నెల మధ్యాహ్నం గడపాల్సిన ఇంటికి ఆ వెసులుబాటు ఎక్కడిది? గోడలకు వేడిని ఆపే పొర తప్పనిసరి. లోపలివైపు వేస్తే ఏడడుగుల ఎనిమిదంగుళాల గది ఇంకాస్త ఇరుకవుతుంది. బయటివైపు వేయడం మేలు. పెట్టెకు కాస్త ఎడంగా మరో కప్పు వేస్తే మధ్యలో గాలి ఆడుతుంది.

కొనేముందు రెండు వాకబులు చేయండి. లోపల నేలకు వేసే చెక్కకు చాలాసార్లు పురుగుమందు పట్టిస్తారు. ఆ వివరం తలుపు మీది లోహపు పలకపై ఉంటుంది. గతంలో ఏ సరుకు మోసిందో కూడా అడగండి.

కొన్నేళ్లకు మరోచోటికి తరలించాల్సిన గది, దుకాణం, ఆఫీసు లాంటివైతే కంటెయినర్ భేషుగ్గా పనికొస్తుంది. పది కాలాలపాటు ఉండే విశాలమైన ఇల్లే కావాలంటే మాత్రం ముందు ఓ స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని కలిసి... ఆ తర్వాతే కట్టర్ చేతికివ్వండి!