కొర్రలు తింటే షుగర్ మాత్రలు మానేయొచ్చా? ఎంటార్ అసలు సంగతి



పోయిన వారం మార్కాపురంలో మా కొర్రల కోసం గిద్దలూరు నుంచి ఒక తమ్ముడొచ్చాడు. "అన్నా, కొర్రలు తింటే ఒంట్లో ఎంటార్ ఆగిపోద్దంట. షుగర్, క్యాన్సర్ దగ్గరికి రావంట. ఐదు కేజీలియ్యి, మా నాయన మాత్రలు ఆపేస్తా" అన్నాడు. ఊ అంటే సరుకు పోద్ది. కానీ అవతల ఒక పెద్దాయన ప్రాణం ఉంది. అందుకే పై వీడియో చేశాను.

ఎంటార్ మన కణాల్లో ఉండే ఒక ప్రోటీన్. ఇల్లు కట్టే మేస్త్రీ అనుకోండి. తిండి బాగా అంది, ఇన్సులిన్, అమైనో ఆమ్లాలు ఉంటే "కట్టండి" అంటుంది, కణం పెరుగుతుంది. తిండి తగ్గితే కట్టడం ఆపి, పాడైన సామాను కరిగించి వాడుకోనిస్తుంది. ఈ శుభ్రం చేసే పని గుట్టు విప్పినందుకే జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది.

దీన్ని పట్టిచ్చింది మట్టిలోని సూక్ష్మజీవే! 1964లో కెనడా నుంచి వెళ్లిన బృందం ఈస్టర్ దీవిలో మట్టి సేకరించింది. ఆ దీవి స్థానిక పేరు రాపా నుయి. ఆ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి సురేంద్రనాథ్ సెహగల్ బృందం తీసిన మందే రాపామైసిన్. మొదట బూజును చంపే మందనుకున్నారు. తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందని తేలింది. కిడ్నీ మార్పిడి చేసుకున్నవారికి వాడటానికి 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. తొలకరి వానకు వచ్చే మట్టి వాసన కూడా ఈ జాతి జీవులదే.

ఆ మందు కణంలో దేన్ని ఆపుతుందో 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఈస్ట్ మీద కనిపెట్టారు. ఆ ముగ్గురు హైట్‌మన్, రావు మొవ్వ, మైకేల్ హాల్. మొవ్వ అనే ఇంటిపేరు మనకు కొత్తేం కాదు కదా! అలా దొరికిన ప్రోటీన్‌కే టార్ అని పేరు. మనలో ఉండేది ఎంటార్. మొక్కల్లోనూ టార్ ఉంది.

ఇక రోగం సంగతి. యూరియా ఎక్కువేస్తే పైరు నల్లగా కమ్ముకొస్తుంది, వెనకే పురుగు, తెగులు, పడిపోవడం. ఒంట్లోనూ అంతే. మేస్త్రీ ఎప్పుడూ "కట్టు" అంటూనే ఉంటే కణం ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది. చాలా క్యాన్సర్లలో ఈ దారి అదుపు తప్పి ఉంటుంది. అలాగని పూర్తిగా ఆపకూడదు. కండ పెరగాలన్నా, గాయం మానాలన్నా అదే కావాలి. రాపామైసిన్‌తో రోగనిరోధక శక్తి తగ్గుతుంది, కొందరిలో షుగర్, కొవ్వు పెరుగుతాయి. డాక్టర్ లేకుండా తాకే మందు కాదది.

మరి కొర్రలు? పాలిష్ బియ్యం కన్నా పీచు ఎక్కువ, అందుకే నెమ్మదిగా అరుగుతాయి. మంచి తిండే. కానీ తిండి తిండే, మందు మందే.

ఆ తమ్ముడికి ఇదే చెప్పాను. "రెండు కేజీలు తీసుకుపో. మాత్రలు ఆపమాక. డాక్టర్‌కి చెప్పి తినిపించు, రక్తపరీక్ష చేయించు. తగ్గించాల్సొస్తే ఆయనే తగ్గిస్తాడు" అన్నా. మూడు కేజీల బేరం పోయింది. పోనీయండి. పండించేవాడి మాట కల్తీ అయితే పంట కల్తీ కాకపోయి ఏం లాభం?

మీ ఇంట్లో కూడా మాత్రలు మానేద్దామనుకునేవాళ్లుంటే ఈ వీడియో ముందు వాళ్లకు చూపించండి.