పాత విండోస్‌ని పారేయకండి, ఫైల్లో పెట్టుకోండి

నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న డీటీపీ సెంటర్లో కొత్త కంప్యూటర్ పక్కనే ఓ మూల పాతది కూడా ఉండటం మామూలు. అందులో విండోస్ ఎక్స్‌పీ, దాని మీద పేజీలు కూర్చే పేజీమేకర్, దానికి తోడు తెలుగు టైపుకి అను స్క్రిప్ట్ మేనేజర్. ఇంటర్నెట్‌కి పనికిరాదు, పెన్‌డ్రైవ్ పెడితే ఒక్కోసారి పలకదు. అయినా దాని జోలికి ఎవరూ పోరు. చెవిటికల్లు నుంచి వచ్చిన పెళ్లివారు ‘మా పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డే వేయండి, పేర్లూ ముహూర్తమూ మారిస్తే చాలండీ’ అంటే తెరవాల్సింది దాన్నే. గుడి చందాల రసీదు పుస్తకం, అమ్మకం దస్తావేజు నమూనా, ఊరి కవిగారు సొంత ఖర్చుతో అచ్చేయించుకున్న శతకం, అన్నీ అందులోనే. ఆ కంప్యూటర్ ఇంకెన్నాళ్లో బతకదు. కానీ అందులో ఉన్న విండోస్‌ని, దాని సామాను సహా, కొత్త కంప్యూటర్లో అతిథిగా కూర్చోబెట్టుకోవచ్చు. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. పాత తెలుగు ఫైళ్లకు ఇవాళ అంతకంటే భద్రమైన చోటు లేదన్నది నా వాదన.

ఈ చిక్కు ఇంగ్లిష్ వాళ్లకు ఇంతగా లేదు. 1999లో ఇంగ్లిష్‌లో టైపు చేసిన మ్యాటర్‌ని ఇవాళ దాదాపు ఏ కంప్యూటర్లోనైనా చదువుకోవచ్చు. అక్షరం సొగసు మారుతుందేమో గానీ అక్షరం మారదు. తెలుగుకి ఆ వసతి ఆలస్యంగా దక్కింది. యూనికోడ్ 1991లోనే తెలుగుకి చోటిచ్చినా, విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు కుదురుకోవడం ఎక్స్‌పీ కాలంలోనే మొదలైంది. పేజీమేకర్ అయితే చివరిదాకా యూనికోడ్ ముఖమే చూడలేదు. అందుకని అను, శ్రీలిపి, సీ-డాక్ వారి ఐఎస్ఎం లాంటివి అడ్డదారి తొక్కాయి. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన 256 గళ్లలోనే తెలుగు ముక్కల్ని సర్దాయి. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, ఇంకో గడిలో రావత్తు. కంప్యూటర్ లెక్కలో అది తెలుగే కాదు, డాలరు గుర్తులూ బ్రాకెట్లూ ఏబీసీడీలూ కలగలిసిన వరస. దానికి ఏ అనుపమ ఫాంటో తొడిగినప్పుడే ‘శ్రీరస్తు శుభమస్తు’ అవుతుంది. ఫాంటు లేనిచోట అదే కార్డు తెరిస్తే వధువు పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు, పౌండు గుర్తులు దర్శనమిస్తాయి. పైగా ఒక్కో కంపెనీ సర్దుబాటు ఒక్కో తీరు కాబట్టి అనులో కంపోజ్ చేసింది శ్రీలిపికి అంతుపట్టదు. ఈ తలనొప్పి అచ్చుతోనే ఆగలేదు. ఒకప్పుడు ఈనాడు లాంటి పత్రికల వెబ్‌సైట్లు కూడా సొంత ఫాంట్లతోనే వచ్చేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కోసం ‘పద్మ’ అనే పనిముట్టు తయారుచేయాల్సి వచ్చింది.

పేజీమేకర్ కథ ఇంకా పాతది. ఆల్డస్ అనే కంపెనీ 1985లో తెచ్చింది, 1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోయింది, 2001లో 7.0 వచ్చింది, కొత్త వెర్షన్లకు అదే ఆఖరు. దాని స్థానంలో ఇన్‌డిజైన్‌ని నిలబెట్టిన అడోబీ, పేజీమేకర్ ఫైళ్లను తెరిచే వెసులుబాటు సీఎస్6 దాకా ఉంచి ఆ తర్వాత తీసేసింది. నెలనెలా చందా కట్టి వాడే ఇవాళ్టి ఇన్‌డిజైన్‌కి 2003 నాటి శుభలేఖ ఫైలిస్తే ముట్టుకోదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి, విండోస్ 10 మామూలు గడువు కూడా 2025 అక్టోబరు 14న తీరింది. కొత్త కంప్యూటర్లలో వచ్చే విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. పేజీమేకర్‌ని మొండికేసి ఎక్కిస్తే కొన్నిచోట్ల ఎక్కుతుంది నిజమే. కానీ ఆ కాలపు సాఫ్ట్‌వేర్లలో 16 బిట్ ముక్కలున్నవి మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి, ఎక్కినవాటిలోనూ ఫాంట్లు, కీబోర్డు సరిగ్గా పనిచేస్తాయన్న భరోసా లేదు. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటిది. పదిహేడు వందల ఏళ్లు గడిచినా బ్రాహ్మీ లిపి తెలిసినవాళ్లు దాన్ని చదవగలరు. అదే ఊళ్లో 2003లో కంపోజ్ చేసిన కార్డు చదవాలంటే తెలుగు వస్తే చాలదు, ఆనాటి ఫాంటు, ఆనాటి పేజీమేకర్, ఆనాటి విండోస్ మూడూ ఉండాలి.

మూడింటినీ విడదీయకుండా ఉంచేదే వర్చువల్ మెషీన్. ఓరాకిల్ వారి వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ఇందుకు ఎక్కువమంది వాడేవి. ఇంట్లో ఒక వాటా అద్దెకిచ్చినట్టు, కొత్త కంప్యూటర్ తన మెమరీలో కొంత, డిస్కులో కొంత, ప్రాసెసర్ సమయంలో కొంత పక్కనపెట్టి పాత విండోస్‌కి ఇస్తుంది. కొత్తది హోస్టు, పాతది గెస్టు. తనకో మదర్‌బోర్డు, ఓ హార్డ్‌డిస్కు, ఓ సీడీ డ్రైవ్ ఉన్నాయనే గెస్టు అనుకుంటుంది. నిజానికి ఆ హార్డ్‌డిస్కు హోస్టులో ఓ పెద్ద ఫైలు, అంతే. కూడికలు తీసివేతల్లాంటి మామూలు పనులు గెస్టు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే చేసుకుంటుంది, అందుకే పెద్దగా నెమ్మదించదు. హార్డ్‌వేర్ మీద చెయ్యి వేయబోయినప్పుడు మాత్రం వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆపి, ఆ పని తానే చేసిపెట్టి ఫలితం చేతికిస్తుంది. ఐబీఎం 1960ల్లోనే తన పెద్ద కంప్యూటర్ల మీద ఇది చేసి చూపింది. ఏ ప్రాసెసర్ మీదైనా ఇది సాధ్యం కావాలంటే దానికి ఏ లక్షణాలుండాలో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974లో తేల్చి చెప్పారు. మన బల్లల మీది ఇంటెల్ ప్రాసెసర్లకు ఆ లక్షణాలు ఉండేవి కావు. వీఎంవేర్ 1999లో ఆ లోటుని సాఫ్ట్‌వేర్ ఉపాయంతో దాటింది. 2005 చివర్లో ఇంటెల్, మరుసటేడు ఏఎండీ ఆ సదుపాయాన్ని చిప్పులోనే పెట్టడం మొదలుపెట్టాయి. పదేళ్ల నాటి మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా ఇప్పుడు ఇది నడుస్తోందంటే అందువల్లే.

పని ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్ తెరిచి విండోస్ ఎక్స్‌పీ 32 బిట్ అని ఎంచుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి సూచించిన మెమరీ 128 ఎంబీ, 512 ఇస్తే దానికి రాజభోగమే. డిస్కు 20 జీబీ చాలు, అదీ ఒక్కసారే ఆక్రమించదు, వాడినకొద్దీ పెరుగుతుంది. డిస్కు కంట్రోలర్ ఐడీఈ అని ఉందో లేదో చూసుకోవాలి. సాటా ఉంటే ఎక్స్‌పీ దగ్గర దానికి తగ్గ డ్రైవర్ ఉండదు, ఇన్‌స్టాల్ చేస్తుండగానే పని ఆగిపోతుంది. సీడీ నుంచి తీసిన ఐఎస్ఓ ఫైలుతో ఎక్స్‌పీ ఎక్కించాక గెస్ట్ అడిషన్స్ వేస్తే స్క్రీను, మౌసు, షేర్డ్ ఫోల్డర్ దారికొస్తాయి. ఆ తర్వాత పేజీమేకర్, అను, ఫాంట్లు. ఒక కార్డు తెరిచి, వత్తులతో సహా అక్షరాలన్నీ కుదురుగా ఉన్నాయని చూసుకున్నాక ‘స్నాప్‌షాట్’ తీయాలి. అంటే ఈ క్షణాన మెషీన్ ఎలా ఉందో అలాగే గుర్తుపెట్టుకోమని చెప్పడం. రేపు వైరస్ దూరినా, పనిలో కొత్తగా చేరిన కుర్రాడు ఫాంట్ల ఫోల్డర్ తుడిచేసినా, స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్తే మళ్లీ యథాస్థితి. కార్డుల ఫైళ్లు మాత్రం గెస్టు లోపల ఉంచకూడదు, వెనక్కి వెళ్లినప్పుడు తర్వాత చేసినవన్నీ పోతాయి. అవి షేర్డ్ ఫోల్డర్లో, హోస్టు వైపు ఉండాలి. ప్రింటుకీ అదే దారి. కొత్త ప్రింటర్లకు ఎక్స్‌పీ డ్రైవర్లు దొరకడం కష్టం. పేజీమేకర్ 7తో పాటు వచ్చిన డిస్టిలర్‌తో పీడీఎఫ్ చేసి ఆ ఫోల్డర్లో పడేస్తే హోస్టు నుంచి ఏ ప్రింటరుకైనా కొట్టొచ్చు, ప్రూఫు చూసుకోమని పెళ్లివారికి వాట్సాప్‌లోనూ పంపొచ్చు.

ఇంత గొడవెందుకు, పాత కంప్యూటర్ నడుస్తూనే ఉందిగా అంటారు కొందరు. నడుస్తోంది, ఇరవై ఏళ్ల నాటి హార్డ్‌డిస్కు మీద. ఈ మెట్ట ప్రాంతపు మే నెల ఎండకి, వచ్చీపోయే కరెంటు కుదుపులకి ముందు ఎస్ఎంపీఎస్ పోతుంది, తర్వాత మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బుతాయి. ఎస్ఎంపీఎస్ దొరుకుతుంది. ఆనాటి బోర్డు కావాలంటే విజయవాడలో పాత సామాను అమ్మే షాపులు గాలించాలి. ఏదో ఒక బోర్డు దొరికి బిగించినా ఎక్స్‌పీ లేస్తుందన్న నమ్మకం లేదు, చిప్‌సెట్ మారితే అది తరచూ మొరాయిస్తుంది. గెస్టుకి ఈ బెడద ఉండదు. కింద ఉన్న ల్యాప్‌టాప్ ఏ కంపెనీదైనా వర్చువల్‌బాక్స్ దానికి చూపించే బోర్డు ఒక్కటే. యాపిల్ ఎం-శ్రేణి చిప్పులున్న మ్యాక్‌లు మినహాయింపు. వాటి ప్రాసెసర్ తీరే వేరు కాబట్టి అక్కడ పాత విండోస్‌ని ఎమ్యులేషన్‌తో ఈడ్చుకురావాలి, అది నత్తనడక. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లున్న మిగతా ఎక్కడైనా వర్చువల్ మెషీన్ ఉన్న ఫోల్డర్ కాపీ చేసుకుంటే సరి. సెంటర్లో ఒక నకలు, ఇంట్లో బీరువాలో ఒక నకలు పెట్టుకోవచ్చు.

భద్రత సంగతి అంత తేలిగ్గా తోసెయ్యలేం. మరమ్మతులు ఆగిపోయిన ఎక్స్‌పీని ఇంకా నడపడం ప్రమాదం కాదా? ప్రమాదమే. 2017 మే 12న ప్రపంచమంతా పాకిన వానాక్రై రాన్సమ్‌వేర్ గుర్తుండే ఉంటుంది. కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. దెబ్బతిన్నవాటిలో విండోస్ 7 యంత్రాలే ఎక్కువని తర్వాత తేలింది గానీ, మూడేళ్ల కిందటే వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ హడావుడిగా ఓ మరమ్మతు విడుదల చేయక తప్పలేదు. వానాక్రై వ్యాపించింది నెట్‌వర్కులో ఫైళ్లు పంచుకునే దారిలో. గెస్టు సెట్టింగుల్లో నెట్‌వర్క్ అడాప్టర్ తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది, పక్కనే హోస్టులో మెయిలూ వాట్సాపూ తమ మానాన తాము నడుస్తాయి. విడి కంప్యూటర్‌కి కూడా కేబుల్ పీకేయొచ్చు కదా అంటే పీకేయొచ్చు. అప్పుడు ప్రతి ఫైలూ పెన్‌డ్రైవ్ మీదే రావాలి, పోవాలి. జిరాక్స్ షాపులకి వైరస్‌లు వచ్చే రాచబాట అదే. గెస్టుకీ హోస్టుకీ మధ్యలో ఉన్న గోడ బద్దలవదని మాత్రం అనను. 2015లో బయటపడ్డ ‘వెనమ్’ లోపం గెస్టులోంచి హోస్టులోకి దూరే వీలు కల్పించేది. అదీ ఎక్కడ? ఎవరూ వాడని ఫ్లాపీ డ్రైవ్‌ని నటించే కోడులో. వర్చువల్‌బాక్స్‌నీ అది తాకింది, త్వరగానే సరిదిద్దారు. అందుకే హోస్టుని, వర్చువల్‌బాక్స్‌ని అప్‌డేట్ చేస్తుండాలి. షేర్డ్ ఫోల్డర్‌గా డ్రైవ్ మొత్తం రాసివ్వకుండా ఒక్క ఫోల్డర్ ఇవ్వాలి, దానికి వేరే నకలు ఉండాలి, ఎందుకంటే గెస్టులో వైరస్ ఉంటే ముందు పాడుచేసేది దాన్నే.

యూనికోడ్ పక్షం వాళ్లు ఇంకోటి అడుగుతారు. పాతదాన్ని పట్టుకు వేలాడటం దేనికి, అంతా యూనికోడ్‌లోకి మార్చేస్తే పోలా అని. నాదీ ఆ పక్షమే. కొత్తగా కంపోజ్ చేసేదేదైనా యూనికోడ్‌లోనే చేయాలి. మండలి, రామరాజ, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి. కానీ మార్చాలంటే ముందు ఫైలు తెరుచుకోవాలి. లిబ్రే ఆఫీస్ డ్రా పేజీమేకర్ ఫైళ్లను దిగుమతి చేసుకుంటుంది, అయితే పేజీ ఉన్నదున్నట్టు వస్తుందని నమ్ముకోలేం. దానికంటే పెద్ద సంగతి ప్రూఫు. కంటికి కనబడే వరసలో పేర్చిన ముక్కల్ని నోటితో పలికే వరసలోకి మార్చేటప్పుడు కన్వర్టర్లు వత్తుల దగ్గర, గుర్తుల దగ్గర తడబడతాయి. వ్యాసమైతే సందర్భాన్ని బట్టి దిద్దుకోవచ్చు, పద్యంలో ఒక వత్తు జారితే గణం తప్పుతుంది, దస్తావేజులో ఇంటిపేరు తప్పితే రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బంది. దిద్దాలంటే అసలు పేజీ కళ్లెదుట ఉండాలి. అను ఫాంటుతో అచ్చంగా ఆనాడు కనబడినట్టే చూపించే కిటికీ గెస్టు. ఎడమవైపు గెస్టులో పేజీమేకర్, కుడివైపు హోస్టులో యూనికోడ్ మ్యాటర్ పెట్టుకుని వరస వరసా పోల్చుకోవచ్చు. కాబట్టి యూనికోడ్‌కి మారాలనుకునేవాళ్లకే ఇది ముందుగా కావాలి. అన్నీ మార్చక్కర్లేదు కూడా. శతకం, ఊరి చరిత్ర, కులవృత్తుల మీద ఎవరో రాసుకున్న పుస్తకం లాంటివి మార్చాలి. వందలకొద్దీ శుభలేఖల నమూనాలకి గెస్టు లోపలి కాపురమే చాలు.

ఖర్చు దగ్గర భయపడాల్సింది తక్కువ. వర్చువల్‌బాక్స్ మూల సాఫ్ట్‌వేర్ ఉచితం. విడిగా దొరికే ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌ని వ్యాపారంలో వాడితే లైసెన్సు కొనాలి, ఈ పనికి దాని అవసరం లేదు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రోని బ్రాడ్‌కామ్ 2024 నవంబరులో వ్యాపారులకు కూడా ఉచితం చేసింది. హోస్టులో 8 జీబీ మెమరీ ఉంటే హాయి, 4 ఉన్నా లాక్కురావొచ్చు. మరీ నెమ్మదిగా ఉంటే వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడాలి. విండోస్ తన సొంత వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ హైపర్-వీని నడుపుతూ దారికి అడ్డం పడుతోందని దానర్థం, తయారుచేసినవాళ్లకు హాస్యం బాగానే ఉంది. లైసెన్సు మాట వేరు. ఎక్స్‌పీకి మరమ్మతులు ఆగాయి గానీ అది ఉచితం కాలేదు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ కంప్యూటర్‌కే చెల్లుతుంది, విడిగా కొన్న రిటైల్ సీడీ లైసెన్సుని వేరే కంప్యూటర్‌కి మార్చుకోవచ్చు. పాత ప్రోగ్రాములున్న చిన్న వ్యాపారుల కోసం మైక్రోసాఫ్టే 2009లో విండోస్ 7 ప్రొఫెషనల్‌తో ‘ఎక్స్‌పీ మోడ్’ పేరిట లైసెన్సున్న ఎక్స్‌పీని వర్చువల్ మెషీన్‌గా ఇచ్చింది, అంటే ఈ దారి వేసింది వాళ్లే. సీడీ కొనకుండా నకలు కొట్టి నెట్టుకొచ్చినవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు, వర్చువల్ మెషీన్ ఆ పాపాన్ని కడగదు.

చేసిపెట్టేవాళ్లకీ కరువు లేదు. కంచికచర్లలో, పరిటాలలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. కంప్యూటర్ సైన్సు చదివే పిల్లలకు ల్యాప్‌టాప్‌లో ఉబుంటు నడుపుకోవడానికి వర్చువల్‌బాక్స్ ఎక్కించడం తెలిసిన పనే. ఉబుంటు బదులు ఎక్స్‌పీ, అంతే తేడా. వాళ్లకీ కొరుకుడు పడనిది తాళం. భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లు కొన్ని నకలు కొట్టకుండా డాంగిల్ అనే చిన్న హార్డ్‌వేర్ తాళంతో వచ్చేవి. యూఎస్‌బీ డాంగిల్ అయితే హోస్టుకి గుచ్చి, మెనూలోంచి దాన్ని గెస్టుకి అప్పగిస్తే చాలావరకు పనవుతుంది. ప్యారలల్ పోర్టుకి బిగించేది అయితే కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టే ఉండదు. బజారులో దొరికే యూఎస్‌బీ-ప్యారలల్ కేబుళ్లు ప్రింటర్ల కోసం చేసినవి, డాంగిల్‌ని సాధారణంగా గుర్తుపట్టవు. అలాంటి సెంటర్లో పాత కంప్యూటర్ లేస్తున్నంతలోనే, పనికొచ్చే పేజీలన్నీ పీడీఎఫ్‌లుగా, మ్యాటర్ విడిగా టెక్స్ట్ ఫైళ్లుగా తీసి, వాడిన ఫాంట్ల ఫైళ్లను కూడా అదే ఫోల్డర్లో పెట్టి బయటి డిస్కులోకి ఎక్కించుకోవాలి.