ప్రమాణ ద్రావణమును సిద్ధపఱచు విధము

బోధనునందు 1937వ సంవత్సరమున నిజాము ప్రభుత్వకాలమున వెలసిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. నిజాంసాగరపు కాలువ క్రింద చెఱకు పండించిన యిండ్ల బిడ్డలు మనలోను గలరు. చెఱకు బండి కాటామీద తూగుట వారెఱుగుదురు గాని, అటుపిమ్మట ప్రయోగశాలలో జరుగు రెండవ తూకము నెఱిగినవారు తక్కువ. పరీక్షింపవలసిన పదార్థమును సరిగా 26 గ్రాములు తూచి, నీటిలో కరగించి, 100 మిల్లీలీటర్లకు చేర్చి, 200 మిల్లీమీటర్ల గొట్టములో పోసి పోలారిమీటరుతో చూతురు. శుద్ధమైన చక్కెరయైనచో 100 అను అంకె వచ్చును. తూకము తగ్గినను, నీరు గీత దాటినను ఆ యంకె అబద్ధమగును. ప్రభుత్వము నిర్ణయించు చెఱకు ధరకును చక్కెర దిగుబడి శాతమునకును సంబంధము కలదు గనుక, అట్టి అబద్ధము తుదకు రైతు నెత్తిమీదనే పడును. కపట త్రాసును గూర్చి వేదపాఠమున వినిన పిల్లలకు ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

మన ప్రయోగశాలలో చేయు పనియు ఈ జాతిదే. ఎంత ద్రావణములో ఎంత పదార్థము కలదో నిశ్చయముగా తెలిసిన ద్రావణమునకే ప్రమాణ ద్రావణమని పేరు. దీనితో పోల్చి తక్కిన ద్రావణముల బలమును కనుగొందుము. కొలబద్దయే తప్పైనచో దానితో కొలిచినదంతయు తప్పే గదా!

ప్రతి పదార్థమును దీనికి పనికిరాదు. సోడియము హైడ్రాక్సైడు పలుకులను త్రాసులో నుంచిన కొలదిసేపటికే అవి గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని చెమర్చును. త్రాసు చూపు బరువు దానిది కాదు. ఆక్సాలికామ్లపు స్ఫటికములు అట్లుగాక గాలిలో నిలుకడగా నుండును. అయితే వీనియందు స్ఫటికజలము ఇమిడియున్నది. ఆరబెట్టెదమని వేడిచేసినచో ఆ నీరు పోయి లెక్క చెడును. ఇది విషపదార్థము, చేతితో ముట్టరాదు, పిపెట్టును నోటితో పీల్చరాదు, రబ్బరు బుడ్డిని వాడవలయును.

స్ఫటికజలముతో కూడ దీని మోలారు భారము 126. లీటరునకు 0.05 మోలు కావలెనన్న 6.3 గ్రాములు, 250 మిల్లీలీటర్లకు 1.575 గ్రాములు పట్టును. ఇచ్చటనే పిల్లలు తడబడుదురు. సరిగా 1.575 రావలెనని చిటికెడు వేయుచు, చిటికెడు తీయుచు అరగంట గడుపుదురు; రాకున్నను పుస్తకములో ఆ యంకెనే వ్రాయుదురు. మొదటిది వ్యర్థము, రెండవది అసత్యము. త్రాసు 1.592 చూపినచో 1.592 అనియే వ్రాయుడు. అప్పుడు ద్రావణపు బలము 0.05054 అగును; అదియు ప్రమాణ ద్రావణమే. గుండ్రని అంకె కాకపోవుట దోషము కాదు.

కరగించుటకు స్వేదనజలమే కావలయును. శ్రీరామసాగరము మెండోరకు ఇంత దగ్గఱగా నున్నను ఆ నీరు గాని, బోరునీరు గాని ఇచ్చట చెల్లదు. సున్నపు లవణములుగల నీటిలో ఆక్సాలికామ్లమును వేసినచో కాల్షియము ఆక్సలేటు ఏర్పడి తెల్లని మడ్డి పుట్టును. ఆ మేరకు ఆమ్లము ద్రావణమునుండి తొలగిపోయినట్లే. ఆసక్తిగలవారు తమ వీధి నీటిని పరీక్షనాళికలో తెచ్చి ఉపాధ్యాయుని యెదుట చూడవచ్చును.

తూచిన స్ఫటికములను బీకరులో కొంచెము నీటితో కరగించి, గరాటు ద్వారా 250 మిల్లీలీటర్ల కొలత ఫ్లాస్కులో పోయవలయును. బీకరును, గాజుకడ్డీని, గరాటును మూడు నాలుగు మాఱులు కడిగి ఆ కడుగునీటిని కూడ అందులోనే చేర్చవలయును. పిమ్మట మెడమీది గీతకు కొంచెము దిగువవఱకు నీరు నింపి, తక్కినది బొట్టుబొట్టుగా వేయుచు, కన్ను గీతకు సమముగా నుంచి, నీటి యంచు నెలవంక అడుగు గీతను తాకగానే ఆపవలయును.

గీత దాటినచో పైనున్నదానిని పీల్చివేయుట పెక్కుమందికి తోచు ఉపాయము. అది మోసము. పీల్చినది నీరు మాత్రము కాదు, ఆమ్లము కలిసిన నీరు. పదార్థము పోయినది, పలుచదనము మాత్రము అట్లే నిలిచినది. పాఱబోసి మరల తూచుటయే మార్గము. వేసవిలో మఱియొక చిక్కు కలదు. ఫ్లాస్కుమీద 20 అనియో, 27 అనియో ఉష్ణోగ్రత చెక్కియుండును. 27 డిగ్రీల 250 మిల్లీలీటర్ల నీరు మన యెండలకు 40 డిగ్రీలకు వేడెక్కినచో సుమారొక మిల్లీలీటరు పెరుగును. కావున ఎండ తగులు కిటికీయొద్ద ఈ పని చేయరాదు.

మూత బిగించి ఫ్లాస్కును పలుమాఱులు తలక్రిందుగా త్రిప్పి కలుపవలయును. లేనిచో అడుగున చిక్కన, పైన పలుచన. పొడి సీసాలోనికి మార్చి, పదార్థపు పేరు, తూకము, బలము, తేది, చేసినవారి పేరు చీటిమీద వ్రాసి అంటింపుడు. పేరు వ్రాయవలసివచ్చునప్పటికి చేతులు తామే జాగ్రత్తపడుట మేము ఏటేట చూచుచున్నాము.

మఱునాడు దీనిలో 10 మిల్లీలీటర్లు తీసి, ఫినాఫ్తలీను రెండు చుక్కలు వేసి, బ్యూరెట్టునుండి సోడియము హైడ్రాక్సైడును లేత గులాబి వన్నె నిలుచువఱకు వదలుడు. మూడుమాఱుల కొలతలును 0.1 మిల్లీలీటరు లోపల ఏకీభవింపవలయును. పని ముగిసిన సాయంకాలమే బ్యూరెట్టును కడుగుడు. క్షారము నిలువయున్నచో గాజు బిరడా పట్టుకొని, ఎవరెంత త్రిప్పినను కదలదు.