బంపరును ఇంటివద్ద నునుపు చేయు విధము

గీతలు పడి, చివర చీలిన కారు ముందు బంపరును ఇంటివద్దనే బాగుచేసికొనవచ్చునా? ఓపిక యున్నచో తప్పక చేసికొనవచ్చును. కాని యీ పనికి వలయు డబ్బాలమీది సూచనలు తరచుగా ఇంగ్లీషులో, సన్నని అక్షరములలో నుండును. వానిని చదువలేని తండ్రియు, చదివియు భావము గ్రహింపని కుమారుడును ఒకే పొరపాటు చేయుదురు. కావున ఆ విధమును మన భాషలో వివరింప దలచితిమి.

పూర్వము బంపరనగా ఉక్కుపట్టీ. 1957లో వెలువడిన అంబాసిడరు కారునకు చాలకాలము మెరుగుపూత గల ఉక్కు బంపరే యుండెను. 1972లో ఫ్రాన్సుదేశపు రెనో 5 కారు ప్లాస్టిక్ బంపరుతో వచ్చినది. నేటి కార్లలో మనకు కనబడునది ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. దాని వెనుక సాధారణముగా నురుగుదిమ్మయు, లోహపు దూలమును ఉండును. చిన్న తాకిడికి తొడుగు కొంత వంగి మరల నిలుచును. ఈ వంగు గుణమును చెడగొట్టకుండ నునుపు చేయుటయే మనము నేర్వవలసినది.

మొదట బంపరును విప్పి, సబ్బునీటితో కడిగి, జిడ్డును పూర్తిగా తీయవలెను. జిడ్డుండగా రుద్దినచో అది గీతలలోనికి దిగి, పైరంగు పట్టనీయదు. చీలిక యున్నచో, దాని కొనయందు చిన్న రంధ్రము వేసిన అది మరి సాగదు. పిమ్మట వెనుకనుండి ప్లాస్టిక్ కరగించి అతుకవలెను. బంపరు లోపలివైపున పి.పి. యను గుర్తు కనబడిన, అది పాలీప్రొపిలీను. దానికి రంగు తేలికగా అంటదు. అంటుటకు తోడ్పడు ప్రత్యేకపు పూత ముందుగా వేయవలెను.

తరువాత పల్లములను పుట్టీతో పూడ్చవలెను. ప్లాస్టిక్ కొరకు చేసిన, వంగు గుణముగల పుట్టీనే వాడవలెను. సాధారణముగా నూరుపాళ్ల పుట్టీకి రెండుపాళ్ల హార్డెనరు చాలును. డబ్బాపై వేరుగా నున్నచో దానినే పాటింపవలెను. మేము మొదటిసారి త్వరగా ముగించు ఆశతో రెట్టింపు కలిపితిమి. అది పలకమీదనే రాయివలె బిగిసికొని, పుట్టీయంతయు వ్యర్థమైనది. దళసరిగా పూసినను అది పగులును. పలుచని పొరలే మేలు.

ఆరిన పుట్టీని 80 నంబరు ఉప్పుకాగితముతో మొదలిడి, 180, 320 నంబరులతో క్రమముగా రుద్దవలెను. కాగితమును చెక్కదిమ్మకు చుట్టవలెను; ఉత్త వ్రేళ్లతో రుద్దిన గాడులు పడును. పుట్టీ నీటిని పీల్చును గనుక ఇచట నీరు తగులరాదు. ప్రైమరు పూసి ఆరిన పిదపనే 400, 600 నంబరు కాగితములతో తడిపి రుద్దవలెను. నడుమ కనులు మూసి అరచేతితో తడిమి చూడుడు. కన్ను గుర్తింపని మిట్టను చేయి గుర్తించును. చివరకు రంగును పలుచని పూతలుగా చిమ్మవలెను.

రుద్దునపుడు ముక్కునకు మాస్కు, కనులకు అద్దములు అవసరము. హార్డెనరు కలిపి చిమ్ము కొన్ని రంగుల ఆవిరి ఉబ్బసము కలిగింపగలదు; ధూళికి వాడు మాస్కు దానిని ఆపజాలదు. అట్టి రంగును ఇంట చిమ్మక, తగిన సాధనములుగల పనివానికి అప్పగించుట మంచిది. బాలురు పెద్దలు దగ్గర నున్నపుడే యీ పనికి పూనుకొనవలెను.

అందము కొరకు కొందరు బంపరులోని రంధ్రముల నన్నిటిని పూడ్చుచున్నారు. ఇది తగదు. ఇంజనును చల్లబరచు గాలి అందుండియే పోవును. కొన్ని కార్లలో అచటనే సెన్సారులును ఉండును. బంపరునకు ముందు ఇనుపకడ్డీలు బిగించుట మరియు ప్రమాదకరము. అట్టివి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనుకు విరుద్ధములని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ రాష్ట్రములకు తెలిపినది. వంగు ప్లాస్టిక్ కంటె వంగని ఇనుము పాదచారిని తీవ్రముగా గాయపరచును. వీధిని దాటి బడికి వచ్చు పిల్లలును పాదచారులే. మన బంపరు ఎంత నునుపైనను, వారియెడ మెత్తగా నుండుటయే దాని మొదటి ధర్మము.